చెట్లు నాటని ఆడవాళ్ళ పక్షాన

నేను రిటైరైన రోజు ఆఫీసులో కేక్ కోయించి, ఒక్కొక్కళ్ళూ లేచి నా గురించి మాట్లాడారు. అందరిదీ ఒకటే పాట. పద్మ నెమ్మదస్తురాలు, పద్మ ఎవరితోనూ గొడవ పడదు, పద్మ ఉంటే మీటింగ్ ప్రశాంతంగా జరుగుతుంది. కేక్ ముక్క చేతిలో పట్టుకుని నేను లోపల్లోపల మండిపోయాను. గొడవ పడ్డాను కదయ్యా! నిండు సభలో, మా బాస్ పక్కనే కూర్చుని ఉండగా, మా కంపెనీ గీసిన ప్లాన్ తప్పని లేచి చెప్పాను. ఆ తర్వాత ఆఫీసు పని మీద నన్ను మళ్ళీ దేశం దాటనివ్వలేదు. నా ఉద్యోగం మొత్తంలో నేను తలెత్తుకుని చెప్పుకునే పని అది. దాన్నే అందరూ మర్యాదగా మర్చిపోయారు.

అందుకే రాస్తున్నాను. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఫ్లాట్లలో ఉంటూ ప్లానింగ్ చదువుకుంటున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఆదివారాలు మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటికి భోజనానికొస్తారు. "ఆంటీ, ఈ ఫీల్డ్‌లో స్కోప్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. జీతాల సంగతి మా ఆయన్ని అడగండి, నా జీతం ఆయనకే బాగా తెలుసు అంటాను. పని సంగతి అడిగితే మాత్రం ఒక పూటలో తెమిలేది కాదు.

ఇలాంటివి రాసేవాళ్ళు మధ్యలో ఒక చోట ఆగి తమ పొరపాట్లు ఒప్పుకుంటారు. పెద్దవాళ్ళు తల వంచితే చదివేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది కాబోలు. నావీ చాలానే ఉన్నాయి గానీ, ఈ విషయంలో నేను తల వంచను.

నేను చేసిన పని

ఒక ఊరు పెరుగుతుంటే ఎటు పెరగాలి, ఏ నేల పంటకి ఉంచాలి, ఏ నేల ఇళ్ళకి ఇవ్వొచ్చు అని చూసి చెప్పడం మా కంపెనీ పని. అందులో నా వంతు మట్టి. తవ్వి చూడటం, పరీక్ష చేయించడం, మ్యాపు మీద రంగులు వేయడం.

మన తెలుగువాళ్ళకి ఈ పని గురించి చెప్తే చిటికెలో అర్థమైపోతుంది, అదీ తప్పుగా. "ఓ, రియల్ ఎస్టేటా!" అంటారు. మనకి ఖాళీ నేల కనపడితే చాలు, కళ్ళు దాన్ని గజాల్లోకి మార్చేసుకుంటాయి. రోడ్డు ఎటొస్తుంది, ఏ ఫేసింగ్, పక్క ప్లాట్ ఎంతకి పోయింది. ఆక్లాండ్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో పప్పుచారు వడ్డించేలోపే ఎవరో ఒకరు ఫోన్ తీసి ఇండియాలో కొన్న ప్లాట్ చూపిస్తారు. ఫోటోలో హద్దు రాళ్ళుంటాయి. రాళ్ళ వెనక ఏదో పైరు కూడా ఉంటుంది. ఆ పైరు ఎవరిదండీ అని నేను అడుగుతాను. ఇంతవరకు ఒక్కరూ చెప్పలేకపోయారు. కొందరు నన్ను భోజనాలకి పిలవడం మానేశారు.

నాకీ జబ్బు మా నాన్న వల్ల వచ్చింది. మాది అనంతపురం జిల్లా, నాన్న కౌలు రైతు. సొంతానికి సెంటు నేల లేదు. వేరుశనగ వేసేవాడు, మా వైపు శెనక్కాయ అంటాం. ఒక ఏడు ఆయనకి చేను గట్టు మీద చీనీ మొక్కలు, అంటే బత్తాయి, పెట్టుకుందామని ఆశ పుట్టింది. మొక్కలు తెచ్చి ఇంటి ముందు పెట్టాడో లేదో, నేల ఆసామి దగ్గర్నించి కబురొచ్చింది: మొక్కలు పెట్టేవాడికి నేను కౌలుకివ్వను. చీనీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది కదా, అంటే అన్నేళ్ళు నా నేలలో పాతుకుపోదామని చూస్తున్నావా అని ఆయన భయం. నాన్న ఆ మొక్కలు ఎవరికో ఇచ్చేశాడు. తర్వాత నేను అగ్రికల్చర్ చదివాను, మట్టి పరీక్షల లాబ్‌లో పని చేశాను, మా ఆయన ఐటీ ఉద్యోగంతో పాటు ఆక్లాండ్ వచ్చి ఈ కంపెనీలో చేరాను. ఇంత చదువులోనూ ఎవ్వరూ ఆ కబురు గురించి నాకు పాఠం చెప్పలేదు.

ఉత్తరాది పట్టణం

ఘానాలో ఒక పట్టణానికి ప్లాన్ వేసే పని మా కంపెనీకి వచ్చింది. ఊరి పేరు రాయను, అక్కడి మనుషులు ఇంకా అక్కడే బతకాలి. దేశానికి ఉత్తరాన, దుమ్మూ ఎండా ఉన్న చోట, చూస్తుండగానే పెరిగిపోతున్న ఊరు. విమానం దిగి కారెక్కానో లేదో, నాకు మా జిల్లాకి వచ్చినట్టే అనిపించింది. ఎర్రనేల, ఏడాదికి ఒకటే వానాకాలం, ఎటు చూసినా వేరుశనగ కోసిన చేలు. బజారులో గోంగూర కట్టలు కూడా కనిపించాయి. వాళ్ళు దాన్ని పులుసులో వేస్తారు.

ఇద్రిసు అని అక్కడి వ్యవసాయ శాఖ ఉద్యోగి మా వెంట తిరిగేవాడు. అక్కడివాళ్ళ మాటల్ని తనే మాకు ఇంగ్లీషులోకి తిప్పి చెప్పేవాడు. పట్టణం అంచున, ఉత్తరం వైపు పల్లెలో నాకు అసానాని పరిచయం చేసింది అతనే. అసానా ఆ పల్లె ఆడవాళ్ళకి పెద్ద. నాకంటే కొంచెం పెద్దది, పొడుగ్గా ఉంటుంది, గొంతు చేను ఈ చివర నుంచి ఆ చివరికి వినపడుతుంది. ఆమె మాటలు ఇద్రిసు ఇంగ్లీషులో చెప్తుంటే నా చెవికి మా అనంతపురం యాసలోనే వినపడేవి. అలాగే రాస్తాను.

అక్కడ నేల ఊరి పెద్ద చేతిలోనూ, ఇంటి మగవాళ్ళ చేతిలోనూ ఉంటుంది. ఆడవాళ్ళు నేలని అడిగి తీసుకుంటారు, ఒక్క వానాకాలానికి. పంటొచ్చాక నేలిచ్చినవాళ్ళకి ఇంత పెట్టి, మళ్ళీ వానల ముందు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని అడుగుతారు. వేరుశనగ, ఆకుకూరలు పండించి పట్టణానికి మోసుకెళ్ళి అమ్ముతారు. పిల్లల ఫీజులు, మందులు, ఇంట్లో ఉప్పూ పప్పూ అన్నీ ఆ పంట మీదే.

పట్టణం అటే పెరుగుతోంది. పెద్దలు పొలాల్ని ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. కొన్నవాడికి ఒకటే దడ, అదే ప్లాట్ ఇంకొకడికి కూడా అమ్మేస్తారేమోనని. నిజంగానే అమ్ముతారు కూడా. అందుకని డబ్బు చేతులు మారగానే లారీడు సిమెంటు ఇటుకలు దింపి, ఉన్నపళంగా పునాది లేపుతాడు. ఇల్లు ఎప్పుడో చేతిలో డబ్బాడినప్పుడు కడతాడు. పునాది ఉంటే నేల తనదని లోకానికి తెలుస్తుంది. చేలో పైరుందా, అది ఎవరిదని చూసే ఓపిక అతనికి ఉండదు.

"పోయినేడు పూత అయిపోయి ఊడలు మన్నులోకి దిగినాయి మే," అంది అసానా. "ఇంక గింజ పట్టేదే. అప్పుడొచ్చింది లారీ. నేను అడ్డం పోయి నిలబన్యాను. డ్రైవరు ఏమన్నాడో తెల్సునా? అవ్వా, నేను ఇటుకలు మోసేటోణ్ణి, నన్నెందుకు తిడతావు అన్నాడు. నిజమే కదా, వాణ్ణి తిట్టి ఏం లాభం?"

ఆ ఏడు ఆమె చేలో కాయ కాయలేదు. పునాది లేచింది. ఈసారి ఆమె ఇంకో నేల అడిగి తీసుకోవాలి, దాని మీదకైనా లారీ రాకుండా చూసుకోవాలి. ఆమెకీ ఆమెతో ఉన్న ఆడవాళ్ళకీ ఉన్న సమస్య అంతే. ప్లాన్ వేసే మాకు అది చాలా చిన్నదిగా కనపడింది.

గ్రాహమ్ గీసిన ఆకుపచ్చ గీత

మా బాస్ పేరు గ్రాహమ్ అనుకోండి. కివీ, అంటే న్యూజీలాండ్‌లోనే పుట్టి పెరిగినవాడు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే దుర్మార్గుడైన బాస్‌తో గొడవ పడటం తేలిక, దానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. గ్రాహమ్ నాకు పని నేర్పాడు. నా ఇంగ్లీషు విని నవ్వినవాళ్ళని బయటికి పంపాడు. మా అమ్మాయికి జ్వరమొస్తే నా పని తను చేశాడు.

అతను పాడి రైతు కొడుకు. వాళ్ళ పొలం చుట్టూ ఎత్తుగా చెట్ల వరసలు ఉండేవట. గాలికి అడ్డం, ఆవులకి నీడ. ఆ చెట్లు వాళ్ళ తాత నాటాడని చెప్పేటప్పుడు గ్రాహమ్ మొహం వెలిగిపోయేది. న్యూజీలాండ్‌లో ఏ పల్లె వైపు వెళ్ళినా ఆ వరసలు కనపడతాయి. రైతు తన నేల మీద చెట్టు పెట్టడానికి ఎవరినీ అడగడు. చెట్ల వరస అంటే మంచి రైతు, నిలకడైన కుటుంబం అని అర్థం.

ఘానా పట్టణానికి గ్రాహమ్ వేసిన ఉపాయం అదే. ఊరి చుట్టూ పొలాల్లో జీడిమామిడి, మామిడి మొక్కలు ఉచితంగా ఇద్దాం, ప్రతి రైతూ తన చేను హద్దులో నాటుతాడు, కొన్నేళ్ళకి పట్టణం చుట్టూ చెట్ల కంచె లేస్తుంది, ప్లాట్లవాళ్ళు దాన్ని దాటి రాలేరు, పొలాలు మిగులుతాయి. స్క్రీన్ మీద చూస్తే ఊరికి ఆకుపచ్చ గాజు తొడిగినట్టుంది. ఈ పనికి డబ్బిచ్చేవాళ్ళు చూసి మురిసిపోయారు. రిపోర్ట్ అట్ట మీద ఆ బొమ్మే వేశారు.

ఆక్లాండ్ ఆఫీసులో ఆ బొమ్మ మొదటిసారి చూపించిన రోజే నేను అడిగాను. "గ్రాహమ్, నేల తమది కానివాళ్ళని చెట్టు పెట్టనిస్తారా?"

"గుడ్ క్వశ్చన్, పద్మా. మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళినప్పుడు చూద్దాం."

ఈ దేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీటింగ్‌లో మీ ప్రశ్నని మెచ్చుకున్నారంటే, ఇక కూర్చోమని అర్థం.

బేసిన్లలో బతికిన మొక్కలు

వానలు మొదలయ్యే ముందు మొక్కలు పంచారు. తొలి వానలు పడ్డాక గ్రాహమ్, నేను చూడటానికి వెళ్ళాం. ఉత్తరం వైపు చేలల్లో ఒక్క మొక్క లేదు. అసానా ఇంటి ముందు పాత బేసిన్లలో, డబ్బాల్లో, విరిగిన కుండల్లో మొక్కలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. ఆకులు నిగనిగలాడుతున్నాయి. పైన గడ్డి పరదా కప్పి నీడ కూడా చేశారు.

గ్రాహమ్ మొహం వాడిపోయింది. "వాళ్ళకి పెద్దగా పట్టింపు ఉన్నట్టు లేదు," అన్నాడు నాతో.

"పట్టింపు లేకపోతే ఇన్నిటికి నీళ్ళెవరు పోశారు?" అన్నాను. అతను ఫోటోలు తీసుకోవడానికి వెళ్ళాడు.

నేను ఇద్రిసుని పక్కకి పిలిచి, నీకు ముందే తెలుసా అని అడిగాను.

"తెలుసు మేడమ్. ఇక్కడ అందరికీ తెలుసు. పోయినసారి మీటింగ్‌లో చెప్పాను. విన్నారు, తల ఊపారు, థాంక్యూ ఇద్రిసు అన్నారు."

అసానా నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "మీ తెల్లాయన చెట్టు పెట్టమంటాడు. నేను పెడితే తెల్లారేసరికి మా మరిది వస్తాడు. ఏం వదినా, నేల నీదైపోయిందా అంటాడు. ఏం చెప్పేది? శెనక్కాయ ఏస్తే ఎవురికీ భయం లేదు, పీకినాక నేల వాళ్ళదే. చెట్టు ఏస్తే నేను ఆడ ఉండిపోతానని కదా? మళ్ళా ఏడు నాకు నేలిచ్చేదెవురు?"

"మరి మొక్కలు వద్దని చెప్పొచ్చు కదక్కా?"

"ఇంటికొచ్చినోళ్ళు ఇచ్చినేది వద్దని ఎట్లంటాం మే? తీసుకున్యాం. నీళ్ళు పోస్తాండాం. ఒక్కటి సావనీలేదు. ఇంకేం కావాలంట ఆయనకి?"

నేను మా నాన్న చీనీ మొక్కల సంగతి చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి నవ్వారు. ఆసామి కబురు దగ్గరకి రాగానే ఒకామె, నేను చెప్పకముందే ఆ కబురేమిటో చెప్పేసింది. అసానా మాత్రం నవ్వలేదు.

"అయితే నీకు తెల్సు," అంది.

"తెలుసు. నేను ఆఫీసులో అడిగాను కూడా. ఈ మొక్కలు నేను తేలేదక్కా, ఆయన తెచ్చాడు."

"ఆయన కార్లోనే కదా నువ్వూ వచ్చినావు."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. ఒక మాట అడిగేసి, జవాబు రాకపోయినా జీతం తీసుకుని ఇంటికి పోయే ఉద్యోగం మీద వచ్చింది.

మర్నాడు పడమటి వైపు వెళ్ళాం. అక్కడ చెట్లు బ్రహ్మాండంగా నాటారు. ఎవరు నాటారు? నేలున్న కుటుంబాలు. మేమిచ్చిన మొక్కల్ని తాడు పట్టినట్టు హద్దుల్లో నాటి, నేల తమదని అందరికీ చూపించుకున్నారు. అన్నదమ్ముల మధ్య ఎన్నాళ్ళుగానో నలుగుతున్న తగాదాలు మా మొక్కలతో తేలిపోయాయి. నేల ఎవరిదో తేలాక అమ్ముకోవడం సులువైంది. చెట్ల వెనకే ప్లాట్ల కర్రలు పాతి ఉన్నాయి. ఆ చేలల్లో ఇన్నాళ్ళూ వేరుశనగ వేసుకున్న ఆడవాళ్ళని ఈ వానలకి రావద్దన్నారట. ఒకామె విత్తనం మూట నెత్తిన పెట్టుకుని ఇంకో పల్లెకి నేల అడగడానికి పోతూ మాకు దారిలో ఎదురైంది. పొలాల్ని కాపాడటానికి పెట్టిన కంచె పొలం చేసేవాళ్ళని బయటికి నెట్టింది. గ్రాహమ్ నా పక్కనే నిలబడి అంతా చూశాడు.

కారెక్కాక అన్నాడు. "రిపోర్ట్‌లో ఒక పేరా పెడదాం. అనుకోని ప్రభావాలు అని."

"ఆ పేరా వండుకుని తింటారా గ్రాహమ్?"

"పద్మా, అట్ట మీద ఆ బొమ్మ ఉంది. సంతకాలైపోయాయి. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే తర్వాతి పని మనకి రాదు. ఆఫీసులో సగం మంది జీతాలు ఈ పని మీదే నడుస్తున్నాయి. నీది కూడా."

అతను అబద్ధం చెప్పలేదు. మీ బాస్ కూడా ఒకరోజు మీకిలాగే నిజం చెప్తాడు. ఆ నిజం విని నోరు మూసుకోవాలని ఎక్కడా రాసి లేదు.

ఆడవాళ్ళు అడిగింది

ఆ వారం నేను ఇద్రిసు బైక్ వెనక కూర్చుని మళ్ళీ ఉత్తరం వైపు వెళ్ళాను. ఈసారి గ్రాహమ్ కారు ఎక్కలేదు. అసలు మీకేం కావాలి అని సూటిగా అడిగాను. ఇంత పెద్ద ప్లాన్ వేస్తూ ఆ ప్రశ్న ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు.

అసానా ఆలోచించను కూడా లేదు. "చెట్టొద్దు, గీతొద్దు. నేల అమ్మేటోళ్ళు అమ్ముకోనీ, వాళ్ళ నేల. విత్తినాక మాత్రం ఇటుక దించొద్దను. మేము పీకినాక వాళ్ళిష్టం."

"పట్నం ఎట్లాగూ వస్తుంది కదక్కా. ఈ చేను పోతుంది."

"రానీ. మా ఆకు తినేది పట్నపోళ్ళే కదా. పట్నం రావద్దని నేనెప్పుడన్నా? పంట మీద రావద్దంటాండా."

అక్కడ నాకు తోచిన విషయం ఒకటుంది, అది నా సొంతం అని గర్వంగానే చెప్తాను. కొన్నవాడు పంట మీదకి ఎందుకు వస్తున్నాడు? ప్లాట్ ఇంకొకడికి అమ్మేస్తారనే భయంతో. ఆ భయం తీర్చకుండా ఆగమంటే ఎవడాగుతాడు? కాబట్టి ఊరి పెద్దే హామీ ఇవ్వాలి: విత్తిన చేలో పంట తీసేదాకా ఎవరూ ఇటుక పెట్టకూడదు, ఆ లోపల ఆ ప్లాట్‌ని ఇంకొకడికి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. రెండూ కలిపి చాటించాలి.

ఊరి పెద్దని చూడటానికి కోలా గింజలు పట్టుకుని వెళ్ళాం. అది అక్కడి మర్యాద, మనం తాంబూలం ఇచ్చినట్టు. ఆయన చర్మాల ఆసనం మీద కూర్చుని అంతా విన్నాడు. ముసలాయన, గట్టివాడు. ప్లాట్లు అమ్మేవాళ్ళలో ఆయనా ఒకడు. తలుపు దగ్గర కూర్చున్న అసానా వంక ఒకసారి చూశాడు.

"దండోరా వేయించగలను," అన్నాడు. "కానీ నేనొక్కణ్ణి వేయిస్తే కొనేవాళ్ళు పట్నం ఆఫీసుకి పోయి నా మాట చెల్లదని కాయితం తెచ్చుకుంటారు. మున్సిపాలిటీవాళ్ళు అందరి ముందు ఒప్పుకోనీ. ఆ రోజే వేయిస్తాను."

మున్సిపాలిటీవాళ్ళు అందరి ముందు కూర్చునేది ఒక్కచోటే. అది మా ప్లాన్ చూపించే సభ. అప్పటికే అసానావాళ్ళు విత్తేశారు. ఆ చేలో కొంత భాగానికి కొనుగోలుదారు కూడా కుదిరాడని ఇద్రిసు చెప్పాడు.

సభ

హాలు నిండిపోయింది. ముందు వరసలో మున్సిపాలిటీ అధికారులు, పక్కన పల్లెల పెద్దలు, డబ్బిచ్చేవాళ్ళ తరపున వచ్చినవాళ్ళు. అసానా, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు వెనక గోడ దగ్గర నిలబడ్డారు. గ్రాహమ్ ఆకుపచ్చ గీత చూపించాడు, చప్పట్లు కొట్టారు. తర్వాత మట్టి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచాడు.

లేచి మైకు అందుకున్నాను. మట్టి గురించి రెండు మాటలు చెప్పి, ఆపేశాను. తర్వాత, "ఈ చెట్ల వరస వద్దు," అన్నాను. "దీనివల్ల పడమటి వైపు ఆడవాళ్ళు నేల పోగొట్టుకున్నారు. వాళ్ళు చేసుకున్న చేలల్లో ఇప్పుడు ప్లాట్ల కర్రలున్నాయి. ఉత్తరం వైపు ఆడవాళ్ళు మొక్కలు నాటలేదు, నాటకపోబట్టే వాళ్ళకి ఈ ఏడు చేను ఉంది." అసానావాళ్ళు అడిగింది చెప్పాను. ఊరి పెద్ద ఇవ్వాల్సిన హామీ చెప్పాను.

ముందు వరసలో ఒక అధికారి లేచాడు. "మేడమ్, ఇది మీ కంపెనీ ప్లానే కదా? మీ ప్లాన్ తప్పని మీరే అంటున్నారా?"

"అవును సర్. అనుమానముంటే కారు బయటే ఉంది, ఇప్పుడే పడమటి వైపు వెళ్ళి చూసొద్దాం."

ఎవరూ కదల్లేదు. ఆయన గ్రాహమ్ వైపు తిరిగాడు. "ఈమె చెప్పేది నిజమేనా?"

గ్రాహమ్‌కి అబద్ధం చెప్పే వీలుంది. అతను కాదంటే ఆ హాల్లో నా మాటకి విలువ లేదు. అతను చేతిలో ఉన్న రిమోట్ వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిజమే," అన్నాడు. "నేనూ చూశాను."

అప్పుడు అసానా వెనక నుంచే మాట్లాడింది. మైకు అక్కర్లేదు ఆమెకి. "మేము మీ బజారుకి ఆకు తెస్తాం, శెనక్కాయ తెస్తాం. మీ ఇండ్లల్లో పులుసు కాగేది మా చేతి పంటతోనే. ఒక్క మాట అడుగుతాండాం. విత్తినాక ఇటుక వద్దు. ఇది కూడా ఎక్కువేనా?"

పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. ఉత్తరం పల్లె పెద్ద లేచి, తాను హామీ ఉంటానన్నాడు. ఒకళ్ళు ఒప్పుకున్నాక మిగతావాళ్ళకి కాదనడం కష్టమైంది. అధికారి మొహం చిట్లించుకుని, ఈ ఒక్క కాలానికి చూద్దాం, చెట్ల సంగతి మళ్ళీ పరిశీలిద్దాం అన్నాడు. ఆ సాయంత్రం దండోరా వేసేవాడు గంట కొట్టుకుంటూ పల్లె పల్లెకీ తిరిగాడు.

తిరుగు ప్రయాణంలో గ్రాహమ్ నాతో అన్నాడు. "నువ్వు చెప్పింది కరెక్ట్. కానీ నిన్ను మళ్ళీ తీసుకురాలేను. వాళ్ళు ఒప్పుకోరు. నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"చెప్పాను. గుడ్ క్వశ్చన్ అన్నావు."

అయినా మేం శత్రువులం కాలేదు. ఇప్పటికీ క్రిస్మస్‌కి మెసేజ్ పెడతాడు.

ఆ తర్వాత

ఆక్లాండ్ తిరిగొచ్చాక నాకు టౌరంగా అనే ఇక్కడి ఊరి పనులిచ్చారు. కివీఫ్రూట్ తోటలు తీసేసి ఇళ్ళు కట్టేచోట మురుగు ఎటు పారాలో చూసే పని. రిటైరయ్యేదాకా అదే. చెడ్డ పని కాదు, చేశాను. ఆ తోటలు పోతే కాయలు కోసుకుని బతికేవాళ్ళ సంగతేమిటని ప్రతి మీటింగ్‌లోనూ అడిగాను. గుడ్ క్వశ్చన్ అన్నారు. మళ్ళీ అడిగాను.

మన పిల్లలకి నేను చెప్పేది ఒకటే. మెత్తగా ఉండండి, మర్యాదగా ఉండండి, ఇక్కడ మనల్ని అందుకే ఇష్టపడతారు. కానీ ఆ ఇష్టాన్ని నెత్తిన పెట్టుకుని మోయకండి. సభలో నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయపెడతారు. నాది పోలేదు, ప్రయాణాలు పోయాయి. పోతే పోయాయి! మళ్ళీ అదే హాల్లో నిలబెడితే మళ్ళీ అదే మాట చెప్తాను.

ఆ ఏటి సంగతి ఒకటి మిగిలింది. సభలో అధికారి ఒక్క కాలమే అన్నాడు. దండోరా మాట నిజంగా నిలబడుతుందో లేదో పంట పీకే రోజున తేలుతుంది. నాకు ఆక్లాండ్‌లో నిద్ర పట్టలేదు. సెలవు పెట్టి, నా డబ్బుతో టికెట్ కొన్నాను.

"పిచ్చెక్కిందా నీకు? ఆఫీసు పంపకపోతే సొంత ఖర్చుతో పోతావా?" అన్నాడు మా ఆయన.

"ఈసారికి ఇండియా వెళ్ళానని అనుకోండి," అన్నాను. ఆయన గొణుక్కుంటూనే ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాడు.

నేను వెళ్ళేసరికి అసానా చేలో పీకుడు సగమైంది. ఆడవాళ్ళు వరసగా వంగి మొక్క పీకి, మట్టి దులిపి, కుప్ప వేస్తున్నారు. కాయ గట్టిగా పట్టింది. చేను గట్టు పక్కన లారీ ఆగి ఉంది, నిండా సిమెంటు ఇటుకలు. లారీ నీడలో కొన్నాయన కూర్చున్నాడు, పట్నంలో బడి పంతులట. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడని ఇద్రిసు చెప్పాడు. లారీ చక్రం మాత్రం గట్టు దాటలేదు.

నేను చెప్పులు విడిచి అసానా పక్క సాలులోకి దిగాను. ఆమె నన్ను చూసి, "వచ్చినావా, పీకు," అంది. అంతే.

కాసేపటికి పంతులు గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇంకెంతసేపు? లారీవాడు తొందరపెడుతున్నాడు."

అసానా తల ఎత్తలేదు. "కాయ నేలలో తెగిపోకుండా పీకాల. నీకు అంత తొందరుంటే, దిగి నువ్వూ ఒక సాలు పట్టు."

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. పంతులు లారీ వంక చూశాడు, చేను వంక చూశాడు. తర్వాత బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి లోపలికి దిగాడు. మేం కొంచెం జరిగి ఆయనకి చోటిచ్చాం.